తాళం ఎవరి చేతిలో ఉంది?

మా పాలకొల్లు, భీమవరం వైపు ఇంటర్ చదివే పిల్లల ఫోన్లలో ఈ మధ్య ఒక బట్టతల మాస్టారు తరచుగా కనిపిస్తున్నాడు. నల్ల టీషర్టు వేసుకొని, పిడికిలి బిగించి మొత్తం వాద్యబృందాన్ని ఒక్కసారిగా ఆపేసి, డ్రమ్ముల ముందు కూర్చున్న కుర్రాడి మొహంలో మొహం పెట్టి అరుస్తాడు. దాని కింద ఎవరో కష్టపడితేనే ఫలితం దక్కుతుందని తెలుగులో రాస్తారు, పిల్లలు పరీక్షల ముందు దాన్ని స్టేటస్‌గా పెట్టుకుంటారు. ఆ మాస్టారి పేరు టెరెన్స్ ఫ్లెచర్. ఆ ముక్క డేమియన్ షజెల్ రాసి దర్శకత్వం వహించిన ‘విప్‌లాష్’ అనే 2014 నాటి సినిమాలోది. ఆ సినిమాను కష్టానికి దండ వేసిన కథగా చూడటం అన్యాయమని నా అభిప్రాయం. అలాగని క్రూరుడైన గురువు చేతిలో నలిగిపోయిన శిష్యుడి కథ అని సరిపెట్టుకోవటానికీ నాకు మనసొప్పదు. ఒక కుర్రాడు తన లయజ్ఞానాన్ని తీసుకెళ్ళి మరొకరి గుప్పిట్లో పెట్టి, అలా పెట్టటాన్నే సాధన అనుకోవటం నాకు ఆ సినిమా నిండా కనిపిస్తుంది.

చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. ఆండ్రూ నీమన్‌కు పంతొమ్మిదేళ్ళు. న్యూయార్క్‌లోని షాఫర్ అనే కల్పిత సంగీత విద్యాలయంలో జాజ్ డ్రమ్స్ నేర్చుకుంటూ ఉంటాడు. తండ్రి బడిపంతులు, రచయిత కావాలనుకొని కాలేకపోయిన మనిషి. అక్కడి ముఖ్యబృందాన్ని నడిపే ఫ్లెచర్ కంట్లో పడాలన్నది కుర్రాడి కోరిక, పడతాడు కూడా. అక్కడినుంచి తిట్లు, చెంపదెబ్బలు, నెత్తురోడే చేతులు, చేజేతులా తెంచుకున్న ప్రేమ, కారు ప్రమాదం జరిగాక కూడా నెత్తుటి బట్టలతోనే వేదికెక్కటం, బహిష్కరణ, చివరికి కార్నెగీ హాల్లో ఒక కచేరీ. మైల్స్ టెల్లర్ కుర్రాడుగా, జె.కె.సిమన్స్ గురువుగా నటించారు. సిమన్స్‌కు ఉత్తమ సహాయ నటుడి ఆస్కార్ వచ్చింది. కూర్పుకు, శబ్ద మిశ్రమానికి కూడా ఆస్కార్లు వచ్చాయి. కూర్పు సంగతి తరవాత చెబుతాను. దర్శకుడు తాను కూడా హైస్కూలు రోజుల్లో ఒక జాజ్ బృందంలో భయం భయంగా డ్రమ్స్ వాయించినవాడే కాబట్టి ఆ భయాన్ని అతడు ఊహించి రాయలేదు.

సినిమాలో అందరూ చెప్పుకునే సన్నివేశం ఆండ్రూకు ఆ బృందంలో మొదటి రోజున జరిగేది. బయట వసారాలో ఫ్లెచర్ వాడితో ఎంతో ఆప్యాయంగా మాట్లాడి, అమ్మానాన్నల వివరాలు రాబట్టి, హాయిగా వాయించమని లోపలికి పంపుతాడు. వాయించటం మొదలవుతుంది. నా వేగం ఇది కాదంటూ ఆపుతాడు. మళ్ళీ మొదలు, మళ్ళీ ఆపటం. గొంతు పెంచడు, చిరునవ్వు చెదరదు, అసలు ఆ వేగం ఎంతో మాత్రం చెప్పడు. అంతలో ఒక కుర్చీ కుర్రాడి తలమీదుగా ఎగిరి వెళుతుంది. నువ్వు పరుగెత్తావా, వెనకబడ్డావా అని అడుగుతాడు. తెలియదంటాడు ఆండ్రూ. అప్పుడు వాడిచేత అంకెలు లెక్కపెట్టిస్తూ, నాలుగు దగ్గరికి వచ్చేసరికి చెంప పగలగొట్టి, ఇప్పుడు చెప్పు, నేను పరుగెత్తానా వెనకబడ్డానా అంటాడు. చివరికి కుర్రాడు సరైన జవాబే చెబుతాడు; అంటే నీకు తేడా తెలుసన్నమాట, అని ఫ్లెచర్ దాన్ని కూడా నేరంగానే ఎంచుతాడు.

దీనికి కాస్త ముందు జరిగే చిన్న ఘట్టాన్ని స్టేటస్‌లు పెట్టే పిల్లలు వదిలేస్తారు. నాకు మాత్రం సినిమా తాళంచెవి అక్కడే ఉందనిపిస్తుంది. బృందంలో ఎవరో శ్రుతి తప్పారని ఫ్లెచర్ అంటాడు. ట్రాంబోన్ వాయించే ఒక బొద్దు కుర్రాడి దగ్గర నిలబడి, తప్పింది నువ్వేనా అని నిలదీస్తాడు. వాడు బిక్కచచ్చిపోయి అవునంటాడు. వాడిని గెంటేశాక, నిజానికి శ్రుతి తప్పింది వాడు కాదు, పక్కవాడు, అయినా ఆ సంగతి వాడికి తెలియకపోవటమే పెద్ద తప్పు అంటాడు ఫ్లెచర్. వినటానికి ఎంత న్యాయంగా ఉందో చూడండి. తాను శ్రుతిలో ఉన్నాడో లేడో తెలియనివాడు విద్వాంసుడు కాలేడన్నది మన సంగీతంలో కూడా కాదనలేని మాట. అయితే ఆ కుర్రాడికి ఆ క్షణంలో తన చెవి మీద తనకు నమ్మకం లేకుండా చేసింది ఎవరు? ఎదురుగా ఉన్న మొహం ఏ జవాబు కోరుతోందో పట్టుకోవటమే బతుకు అయినప్పుడు, చెవి చెప్పేది ఎవరికి వినపడుతుంది?

మన కర్ణాటక సంగీతం విన్నవారికి ఇక్కడ ఒక ఇబ్బంది కలగాలి. మన దగ్గర లయ ఒకరి రహస్యం కాదు. పాడే మనిషి తొడమీద తాళం వేస్తూనే పాడతారు. ఆదితాళమైతే ఒక దెబ్బ, చిటికెనవేలు మొదలుకొని మూడు వేళ్ళు, తరవాత రెండుసార్లు దెబ్బా విసురూ, మొత్తం ఎనిమిది అక్షరాలు. అది పక్కవాద్యం వాయించేవారికి కనిపిస్తుంది, ముందు వరుసలో కూర్చున్న శ్రోతకూ కనిపిస్తుంది. ఆ శ్రోత ఒళ్ళో చెయ్యి కూడా అదే తాళం వేస్తూ ఉంటుంది. కాకినాడ సరస్వతీ గానసభ లాంటి పాత సభలకు వెళ్ళినవారికి ఈ దృశ్యం కొత్త కాదు. విద్వాంసుడు ఎంత పేరున్నవాడైనా ఎత్తుగడ అర అక్షరం అటూ ఇటూ అయితే మూడో వరుసలో ముసలాయన చెయ్యి గాల్లో ఆగిపోతుంది. అంటే కొలత అందరి కళ్ళ ముందూ ఉంటుంది, గురువు కూడా దానికి లోబడే ఉంటాడు. ఫ్లెచర్ గదిలో కొలత ఆయన పిడికిలిలో ఉంటుంది. ఆయన వేలు విప్పితే ఉంటుంది, మూస్తే ఉండదు.

నేను చిన్నప్పుడు కొంతకాలం మృదంగం నేర్చుకున్నాను. కాలువ గట్టున పెంకుటిల్లు, వసారాలో నలుగురైదుగురు పిల్లలం. ఎడమ మూతకు బొంబాయి రవ్వ ముద్ద తడిపి అంటించటం నుంచి మా పని మొదలయ్యేది. త, ధి, తొం, నం అనే నాలుగు మాటలను మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, నోటితో చెప్పనిదే మాస్టారు వాద్యం మీద చెయ్యి పడనిచ్చేవారు కాదు. ఒక సాయంత్రం మాలో ఒకడు రెండో కాలంలోకి రాగానే తొందరపడి, తొందరపడ్డానని అనుమానం వచ్చి, ఆయన మొహం చూడటం మొదలుపెట్టాడు.

“ఏరా, నా మొహంకేసి చూస్తావేంట్రా?” అన్నారాయన.

“తప్పేమోనని, మాస్టారూ.”

“తాళం నీ చేతిలో ఉంది గానీ నా మొహంలో ఉందా? తప్పో ఒప్పో నువ్వే చెప్పు.”

వాడు చెప్పలేకపోయాడు. మాస్టారు వాడి ముందునుంచి మృదంగం తీయించి, ఇంకొకడిని వాయించమని, వీడిని తాళం వేయమన్నారు. వాయించేవాడు జారితే ఆపాల్సింది వీడే. ఆ తరవాత తిరగేశారు. ఆ క్లాసులో అదే పద్ధతి. వాయించనివాడు ఖాళీగా కూర్చోవటానికి వీల్లేదు, తాళం వేస్తూ వాయించేవాడిని కనిపెట్టి ఉండాలి. ఆయన మెత్తని మనిషేమీ కాదు. సాయంత్రం ఆలస్యంగా వచ్చినవాడు గుమ్మం దగ్గరే నిలబడాల్సి వచ్చేది, పాఠం అప్పజెప్పలేనివాడికి కొత్త పాఠం దొరికేది కాదు. కానీ ఆయన కాఠిన్యమంతా కొలతను మా చేతికి ఇవ్వటానికి పనికొచ్చింది. ఫ్లెచర్ కాఠిన్యం దాన్ని లాగేసుకోవటానికి పనికొస్తుంది. రెండూ పైకి చూస్తే ఒకలాగే ఉంటాయి, రెండుచోట్లా పిల్లవాడు ఏడుస్తూనే ఇంటికి వెళతాడు, అందుకే రెంటినీ ఒకే గాటన కట్టేయటం మనకు అలవాటైపోయింది.

ఇక్కడ నాకు ఎదురయ్యే వాదన తెలుసు. మా గురువుగారు కొట్టబట్టే నాకు విద్య వచ్చిందని గర్వంగా చెప్పుకునే విద్వాంసులు మన జిల్లాల్లో తక్కువేమీ కాదు. దండం దశగుణం భవేత్ అన్న మాట మన బళ్ళ గోడల మీద రాయకపోయినా మన బుర్రల్లో రాసి ఉంది. మన సినిమాల్లో కూడా గురువు కోపం ఎంత భయంకరంగా మొదలైనా చివరి రీలుకు వాత్సల్యంగా తేలుతుంది కాబట్టి, ఫ్లెచర్ కూడా లోలోపల వెన్నే అయి ఉంటాడని ప్రేక్షకుడు ముందే నమ్మేస్తాడు. కానీ ఆ గర్వంగా చెప్పుకునేవారు సాక్షుల్లో సగం మాత్రమే. దెబ్బలకు జడిసి మానేసినవారు సన్మానసభలో మైకు ముందుకు రారు. వారిలో ఒకరు ఇవాళ రొయ్యల చెరువులు చూసుకుంటూ ఉంటారు, ఒకరికి తణుకులో ఫ్యాన్సీ కొట్టు ఉంటుంది, ఇంట్లో మృదంగం ఎప్పుడో అటకెక్కి ఉంటుంది. వారిలో ఎవరికి ఎంత విద్య ఉండేదో లెక్కకట్టే దారి లేదు. సినిమాలో ఆ రెండో సాక్షికి కూడా ఒక పేరు ఉంది. షాన్ కేసీ అనే పాత శిష్యుడు కారు ప్రమాదంలో పోయాడని ఫ్లెచర్ కళ్ళనీళ్ళతో బృందానికి చెప్పి, అతడి వాద్యం రికార్డు వినిపిస్తాడు. అతడు ఉరి వేసుకున్నాడని మనకు తరవాత తెలుస్తుంది. తన చేతిలో రాలిపోయినవాడిని కూడా తన గొప్పతనానికి సాక్షిగా నిలబెట్టుకోగలిగాడు గురువు!

ఫ్లెచర్ తన పద్ధతికి ఒక పురాణగాథను ఆధారంగా చూపుతాడు. తరవాత జాజ్ సాక్సోఫోన్‌లో గొప్ప పేరు తెచ్చుకున్న చార్లీ పార్కర్ కుర్రతనంలో ఒకరోజు వేదికమీద తడబడితే జో జోన్స్ అనే డ్రమ్మర్ అతడి తలకు గురిపెట్టి సింబల్ (డ్రమ్ముల మీది లోహపు పళ్ళెం) విసిరాడనీ, ఆ అవమానంతో రాత్రింబవళ్ళు సాధన చేసి అతడు మహావిద్వాంసుడయ్యాడనీ దాని సారాంశం. జరిగింది అది కాదు. కాన్సస్ సిటీలోని రెనో క్లబ్బులో పదిహేను పదహారేళ్ళ పార్కర్ తప్పినమాట నిజం, జోన్స్ సింబల్ విసిరినమాటా నిజం. అయితే అది పడింది అతడి కాళ్ళ దగ్గర నేలమీద. ఇక దిగిపో అని చెప్పే మోటు పద్ధతి అది, తల తెగ్గొట్టే ప్రయత్నం కాదు. ఆ తరవాత జరిగింది నాకు ఇంకా ముఖ్యం. 1937 వేసవిలో పార్కర్ ఓజార్క్ కొండల్లోని విడిదిలో ఒక బృందంతో పని చేస్తూ, లెస్టర్ యంగ్ అనే సాక్సోఫోన్ విద్వాంసుడి రికార్డులు పదే పదే వేసుకొని విని, ఆ పోకడలన్నీ నోటికి పట్టుకున్నాడు, స్వరసమ్మేళనం (హార్మనీ) తెలిసిన పెద్దల దగ్గర పాఠం చెప్పించుకున్నాడు. అవమానం అతడిని ఇంట్లోంచి బయటికి తోసి ఉండవచ్చు, విద్య నేర్పింది మాత్రం వినికిడి. ఫ్లెచర్ తన కథలో ఆ వేసవిని చెప్పడు, చెబితే ఆయన ఉద్యోగానికి అర్థం ఉండదు.

వినికిడి మాట వచ్చింది కాబట్టి మా ఊరివాడి సంగతి చెప్పక తప్పదు. మాండొలిన్ శ్రీనివాస్ 1969లో పాలకొల్లులో పుట్టాడు. ఆరేళ్ళ వయసులో తండ్రి సత్యనారాయణగారి మాండొలిన్ చేతికి తీసుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. సుబ్బరాజుగారు గాత్ర విద్వాంసులు, మాండొలిన్ వాయించరు. అందువల్ల పాఠం ఒక్కటే మార్గంలో నడిచింది: ఆయన పాడతారు, పిల్లవాడు విన్నదాన్ని తీగల మీద వెతుక్కుంటాడు. ఏ వేలు ఏ మెట్టు మీద పెట్టాలో చెప్పే గురువు లేడు, తప్పు వేలు పెట్టావని కొట్టే గురువు కూడా లేడు. కర్ణాటక సంగీతానికి ఆ వాద్యం మీద అప్పటికి ఒక బాట అంటూ లేదు కాబట్టి, గమకం పలికిందా లేదా అన్నదానికి పిల్లవాడి చెవి మాత్రమే తీర్పరి. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో కచేరీ చేశాడు, 1983 నాటికి బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు. ఫ్లెచర్ కోరుకునే రకం ప్రతిభ ఇది కాకపోతే మరేమిటో నాకు తెలియదు. తొమ్మిదేళ్ళ పిల్లవాడిని కచేరీల్లో కూర్చోబెట్టటానికి కూడా ఒక మూల్యం ఉంటుందని నాకు అనుమానం లేకపోలేదు. బాల్యమంతా వేదికమీదే గడిచిన వాళ్ళను చూసి మురిసిపోయే మన అలవాటు మీద నాకు గౌరవం తక్కువ. కానీ ఆశయం, కఠోర సాధన, అసాధారణమైన వేగం, ఇవన్నీ ఉండి కూడా కొలత శిష్యుడి చెవిలోనే ఉండగలదనటానికి ఇంతకంటే దగ్గరి రుజువు నాకు లేదు. ఆయన 2014 సెప్టెంబరులో నలభై అయిదేళ్ళకే పోయారు. ఆ తరవాత కొన్ని వారాలకు ‘విప్‌లాష్’ అమెరికాలో థియేటర్లకు వచ్చింది. ఈ రెంటికీ సంబంధం లేదు, నా మనసులో మాత్రం రెండూ పక్కపక్కనే ఉండిపోయాయి.

కోనసీమలోని శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణగారి ఆశయం ఇంకా పెద్దది. 72 మేళకర్త రాగాల్లోనూ (మిగతా రాగాలకు మూలమైనవి) కృతులు కట్టి, నాలుగే స్వరాలతో కొత్త రాగాలు పాడి, అది రాగమే కాదన్న పెద్దలతో జీవితమంతా పేచీ పెట్టుకున్న మనిషి. ఒక మొహం మెప్పు కోసం బతికేవాడికి ఆ పేచీ సాధ్యం కాదు.

తిరిగి సినిమాకు వద్దాం. ఆండ్రూ చేతుల నెత్తురు గురించి అందరూ మాట్లాడతారు. పట్టీలు వేసుకొని, ఊడిపోతే మళ్ళీ వేసుకొని, ఐసునీళ్ళ జగ్గులో పిడికిలి ముంచితే నీళ్ళు ఎర్రబడతాయి. ఏ వాద్యమైనా కొంతకాలం వాయించినవారికి ఇది సాధన చిహ్నంగా కంటే తప్పు పట్టుకు చిహ్నంగానే కనిపిస్తుంది. బిగుసుకున్న మణికట్టుతో వేగం పెంచాలని చూస్తే చర్మం చిట్లుతుంది, నాదం పొడిబారుతుంది. మా వైపు పెళ్ళిళ్ళలో, తీర్థాల్లో సన్నాయి పక్కన గంటల తరబడి డోలు వాయించేవారిని దగ్గరగా చూడండి, భుజం వదులుగా ఉంటుంది, కళ్ళు మాత్రం సన్నాయి వాయించేవారి బుగ్గల మీద ఉంటాయి, ఊపిరి ఎక్కడ తీస్తారో ముందే పట్టుకోవటానికి. ఆండ్రూ సినిమా అంతటా ఒక్కసారి కూడా తోటి వాద్యకారుడివైపు అలా చూడడు. వాడికి బృందంలో స్నేహితుడు లేడు, ఉన్నది పోటీదారులు. సరదాకు నలుగురితో కలిసి వాయించటం మనం చూడం. జాజ్ అనేది ఒకరు అన్నదానికి మరొకరు బదులు పలికే సంగీతం కదా, ఈ సినిమాలో బదులు పలకటమే లేదు. దీన్ని దర్శకుడి లోపంగా ఎంచినవారున్నారు. నేను ఎంచను. వ్యామోహం పట్టినవాడి చెవి నుంచి చూపిస్తే లోకం అలాగే వినపడుతుంది.

అయితే దర్శకుడిని పూర్తిగా వదిలిపెట్టను. ఆఖరి కచేరీ కూర్పు మన చేత ఒక పని చేయిస్తుంది. దెబ్బకొక కోత, కర్రకొక కోత, చెమట చుక్కకొక కోత. కూర్పరి టామ్ క్రాస్‌కు ఆస్కార్ దానికే వచ్చింది, న్యాయంగానే వచ్చింది. మనం వింటున్నది వాద్యమా, కత్తెరా అని అడిగే వ్యవధి మనకు దొరకదు. మన గుండె ఫ్లెచర్ లెక్కకే కొట్టుకుంటుంది. స్టేటస్ పెట్టుకున్న పిల్లలను నేను తప్పుపట్టలేనిది ఇందుకే. వారి ఒళ్ళు పులకరించింది, ఆ పులకరింతకు వారికి దొరికిన అర్థం కష్టం ఫలించిందన్నది.

ఆ కచేరీని నిదానంగా చూస్తే ఫలించింది ఏమిటో తెలుస్తుంది. తన ఉద్యోగం పోవటానికి ఆండ్రూ సాక్ష్యమే కారణమన్న పగతో ఫ్లెచర్ వాడికి తెలియని పాట ఎత్తుకొని నిండు సభలో అభాసుపాలు చేస్తాడు. కుర్రాడు లేచి పోతాడు, తెర వెనక తండ్రి కావలించుకుంటాడు, ఇంటికి పోదాం పద అంటాడు. వాడు వెనుదిరిగి వచ్చి కూర్చొని, గురువు సభతో మాట్లాడుతూ ఉండగానే ‘కారవాన్’ అనే పాట ఎత్తుకొని, సైగ నేను చేస్తానని బృందానికి చెబుతాడు. సినిమాలో తాళం వాడి చేతికి వచ్చింది ఆ కొద్ది నిమిషాలే. అక్కడ నేనూ ఉత్సాహంతో ముందుకు వంగుతాను. పాట అయిపోయినా వాడు ఆపడు, ఒంటరిగా వాయిస్తూ పోతాడు. అప్పుడు ఫ్లెచర్ దగ్గరికి వస్తాడు, ఒరిగిపోతున్న సింబల్‌ను సరిచేస్తాడు, చెయ్యి కిందికి దించుతాడు. కుర్రాడు వేగం తగ్గిస్తాడు. ఇంకా దించుతాడు, ఇంకా తగ్గిస్తాడు. తరవాత ఆ చెయ్యి మెల్లమెల్లగా లేస్తే దానితోపాటే దెబ్బలు చిక్కబడతాయి. ఆ తగ్గింపూ హెచ్చింపూ నిజంగా అద్భుతం. కానీ ఆ మధ్యలో ఆండ్రూ కళ్ళు ఎటు ఉన్నాయో చూడండి. గెలుచుకున్నదాన్ని వాడు ఇష్టంగా వెనక్కి ఇచ్చేశాడు. ఆ మొహంలో చిరునవ్వు కనిపించగానే వీడి మొహంలోనూ కనిపిస్తుంది. తలుపు సందులోంచి చూస్తున్న తండ్రికి కొడుకు కచేరీలో గర్వపడాల్సింది ఏదీ దొరకలేదు, ఆయన మొహంలో ఉన్నది భయం.

ఆ తరవాత ఆండ్రూ ఏమవుతాడన్న ప్రశ్నకు షజెల్ ఒక సంభాషణలో చెప్పిన జవాబు కటువుగా ఉంటుంది: ఫ్లెచర్ తానే గెలిచానని ఎప్పటికీ అనుకుంటాడు, కుర్రాడు డొల్లగా మిగిలి, ముప్పైల్లోనే మత్తుమందు ఎక్కువై పోతాడు. పార్కర్ ముప్పై నాలుగేళ్ళకే పోయాడు కదా. ముప్పై నాలుగుకు చచ్చినా నలుగురూ తనను తలుచుకుంటే చాలని ఆండ్రూ ఇంట్లో భోజనాల బల్ల దగ్గర అననే అంటాడు. దర్శకుడి ఊహకు ఆధారం సినిమాలోనే ఉంది. నాకు మాత్రం అది కాస్త దయగల ముగింపుగా తోస్తుంది, ఎందుకంటే చచ్చిపోయినవాడు ఎవరికీ పాఠం చెప్పలేడు. ఆండ్రూ బతుకుతాడనీ, పేరు తెచ్చుకుంటాడనీ, నలభై దాటాక ఏదో ఒక విద్యాలయంలో మాస్టారవుతాడనీ నేను అనుకుంటాను. మా జిల్లాలో పిల్లల వేళ్ళ మీద కర్రతో కొట్టే ఒక సంగీతం మాస్టారిని, ఎందుకండీ అంత కోపమని నేనొకసారి అడిగాను. ఆయన నొచ్చుకోలేదు, తన కుడి చేతి కణుపులు చూపించి, “మా గురువుగారు నన్నూ ఇలాగే కొట్టారండి, అందుకే ఈ మాత్రం వచ్చింది” అని, మళ్ళీ పాఠంలో పడిపోయారు.